రెండో బంతి

పెళ్ళి వడ్డన చూసినవారికి పేజీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మూడు వందలమంది వస్తారు. పందిట్లో యాభై విస్తళ్ళే పడతాయి. అందుచేత బంతులు. కంప్యూటరుకైనా అంతే. వేల పేర్లు ఒక్కసారిగా అడిగితే ఇచ్చేదానికీ ఆయాసం, పుచ్చుకునేదానికీ ఆయాసం. ఒక ప్రోగ్రాం మరొకదాన్ని అడిగే ఈ మర్యాదకే ఏపీఐ అని పేరు. గిట్‌హబ్ వారి ఏపీఐలో మనమేమీ చెప్పకపోతే సాధారణంగా పేజీకి 30 వస్తాయి. ఎంత అడిగినా 100 దాటవు.

బంతికి ముందు ఏరివేత వుంటుంది. దాన్ని ఫిల్టరు అంటారు. "ఇంకా చూడని దరఖాస్తులే" అంటే అవే వస్తాయి. (తెలుగు పంతుల్ని గనక ఒక మాట: "వెంకట" అని అడిగితే "వేంకట" రాడు. యంత్రానికి వాళ్ళిద్దరూ చుట్టాలు కారు.)

ఏరివేతా బంతీ విడివిడిగా బుద్ధిమంతులే. కలిసినచోట వచ్చింది చిక్కు.

మా కాలేజీలో స్కాలర్‌షిప్పు దరఖాస్తులు చూడటానికి నా పాత శిష్యుడొకడు ఇలాంటి ఏర్పాటు చేసిపెట్టాడు. దరఖాస్తులు 100, పేజీకి 20, ఫిల్టరు, ఇంకా చూడనివి. గుమాస్తాగారు మొదటి ఇరవై చూసి, మంజూరో తిరస్కారమో తేల్చి, రెండో పేజీ నొక్కారు. రెండో పేజీ అంటే యంత్రం లెక్కలో "మొదటి ఇరవై వదిలి తరవాతి ఇరవై". కాని తేలినవి జాబితాలోంచి అప్పుడే లేచిపోయాయి! ఇప్పుడు మొదటి ఇరవై ఎవరు? 21 నుంచి 40 దాకా వున్నవారు. వాళ్ళను వదిలి 41 నుంచి చూపించింది. మూడో పేజీకి నలభైమందిని వదిలి 81 నుంచి చూపించింది. నాలుగో పేజీ ఖాళీ. గుమాస్తాగారు హమ్మయ్య అనుకుని లేచారు.

నలభైమంది కాయితాలు ఎవరి కంటా పడలేదు. తిరస్కరిస్తే ఎందుకని అడగవచ్చు. వీళ్ళకు అసలు జవాబే లేదు. గడువు నాలుగు రోజులుందనగా ఒక అమ్మాయి వచ్చి, "నా కాయితం ఏమయిందండీ?" అనబట్టి బయటపడింది. ఆమెది 27వ నంబరు.

శిష్యుడికి ఫోను చేశాను. "ఒక్కొక్క ముక్కా పరీక్షించాను, మాస్టారూ!" అన్నాడు.

"అన్నీ కలిపి చూశావుట్రా?"

మాట్లాడలేదు. రాత్రికి రాత్రి మార్చాడు. ఇప్పుడు "ఎన్నో పేజీ" అని అడగడం లేదు. "20వ నంబరు తరవాత ఇరవైమంది" అని అడుగుతుంది. ముందున్నవారు లేచిపోయినా 21 ఎక్కడికీ పోదు. పైగా జాబితా ఎంత పొడుగైనా, సూచిక వుంటే తిన్నగా ఆ చోటికే వెళుతుంది. పాత పద్ధతిలో ముందున్నవన్నీ దాటుకుంటూ రావాలి. తేదీ వరసన కావాలంటే మాత్రం తేదీతోపాటు నంబరూ చెప్పాలి. ఒకే రోజున పదిమంది దరఖాస్తు పెట్టి వుండవచ్చు.

నలభై కాయితాలూ గడువులోపల చూశారు. అయితే పేజీ నంబర్లు పోవడం గుమాస్తాగారికి నచ్చలేదు. "పని ఎంతయిందో నాకెలా తెలుస్తుందండీ?" అన్నారు. న్యాయమే. తెర పైన "ఇంకా మిగిలినవి" అని ఒక అంకె వేయించాం. అది సున్నా అయితేగాని ఆయన కుర్చీలోంచి లేవడం లేదు.