గబ్బిలమేగా, పోతే పోనీ!

ఈ మాట కొత్తపట్నంలో విన్నాను, ఒంగోలులో విన్నాను, పురుగుమందుల కొట్టులో బాకీ తీర్చలేక తల పట్టుకున్న పత్తిరైతు నోటా విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండిపోతుంది. ఆ రైతు చేలమీద రాత్రిపూట తిరిగి రెక్కల పురుగుల్ని పట్టి తినేది ఆ గబ్బిలమే. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకు పట్టలేదు.

కొత్తపట్నం చుట్టూ, అల్లూరు, ఈతముక్కల దారుల్లో అంతా ఇసుక నేల. సరుగుడు, జీడిమామిడి, వాటి మధ్య తాటిచెట్లు. మట్టలు కొట్టకుండా వదిలేసిన తాటిచెట్టుకు మొవ్వు కింద ఎండుకమ్మలు గుబురుగా వేలాడుతుంటాయి. ఆ మడతల్లో పగలంతా చిన్న గబ్బిలాలు నిద్రపోతాయి. కొన్ని బొటనవేలంతే ఉంటాయి, కొన్నిటికి పొట్ట పసుపుపచ్చగా ఉంటుంది. ఇవి పురుగులు తినే జాతులు. పచ్చికమ్మల అడుగున పొట్టిముక్కు పండు గబ్బిలాలు గుంపులుగా వేలాడతాయి. ఇటుకబట్టీకి అమ్మిన చెట్టును పడగొట్టే చోట ఒక్కసారి నిలబడి చూడండి. మాను నేలకు కొట్టుకోగానే ఎండుకమ్మలు చితికిపోతాయి. వాటి కింద వెంట్రుక కూడా మొలవని పిల్ల, కళ్లు తెరవని పిల్ల, తల్లి చన్ను కరుచుకుని ఉంటుంది. తల్లి రెక్క విరిగి ఎగరలేక ఇసుకలో పాకుతుంటే ఆ పిల్ల పట్టు వదలదు. కాసేపటికి కాకులు దిగుతాయి, కుక్కలు వస్తాయి. చుట్టూ ఉన్న మనుషులు బీడీ వెలిగించుకుని ట్రాక్టర్ కోసం చూస్తుంటారు.

చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం తెచ్చుకున్నాం. ఆ చెట్టు మీద ఎవరు కాపురం ఉంటున్నారని ఏ అధికారీ అడగ్గా నేను చూడలేదు. ఒక ఊళ్లో చెరువుగట్టు మీది మర్రిని కొట్టబోతుంటే నేనే ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. కొమ్మ కొమ్మకూ పెద్ద గబ్బిలాలు, పిల్లల్ని పొట్టకు కరిపించుకుని వేలాడుతున్నాయి. అవతలి నుంచి వచ్చిన జవాబు: "కొండచిలువ అయితే చెప్పండి సార్, మనిషిని పంపిస్తాం." సాయంత్రానికి మర్రి లేదు. పెద్ద గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఒక్క రోజులో పోయిన గుంపు మళ్లీ నిలదొక్కుకోవాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఆ ఫోన్ ఎత్తిన పెద్దమనిషి ఆలోచించాడా?

ఆయన్ను మాత్రమే అనడం న్యాయం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే పండు గబ్బిలాలను కాకులు, ఎలుకల సరసన కూర్చోబెట్టి, చంపినా తప్పులేని జీవుల పట్టికలో రాసింది. మల్లెరేకంత పలచటి రెక్కలతో మైళ్లకు మైళ్లు ఇప్ప, మర్రి, బాదం గింజల్ని మోసుకెళ్లి చల్లే జీవిని యాభై ఏళ్లు చీడపురుగుతో సమానంగా చూశాం. 2022 సవరణ ఆ పట్టికను ఎత్తేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన పంచాయతీ నోటీసు బోర్డుల మీద ఈ ముక్క ఎక్కడైనా కనబడిందా? ఇప్పటికీ ఆయాసానికి, కీళ్లనొప్పులకు మందంటూ గబ్బిలాలను కొట్టి తినేవాళ్లున్నారు. తోటల మీద కప్పిన నైలాన్ వలల్లో చిక్కి రెక్కలు చీరుకుని చస్తున్నవీ ఉన్నాయి. జామ, సపోటా రైతుకు నష్టం లేదని నేను అనను. ఆ నష్టానికి పరిహారం అడగండి, మీ పక్కన నేనూ నిలబడతాను. ప్రాణం తీయడం పరిహారం కాదు.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో "గబ్బిలం" రాశారు. దళితుడికి ప్రవేశం లేని గుళ్లోకి గబ్బిలం వెళ్లగలదు గనుక దాని చేత శివుడికి కబురు పంపించారు. ఆయన విగ్రహాలకు ఏటా దండలు వేస్తాం. గుడి గోపురంలో గబ్బిలం కనబడితే మాత్రం పొగపెట్టి తరుముతాం.

ఇక పత్తి సంగతి. కాయ తొలిచే శనగపచ్చ పురుగుకు తల్లి రాత్రి ఎగిరే రెక్కల పురుగు. ఒక్కొక్కటీ వందల గుడ్లు పెడుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు ఎనిమిది కౌంటీల పత్తి ప్రాంతంలో గబ్బిలాలు చేసే మేలు ఏటా సుమారు 7,41,000 డాలర్లని 2006లో లెక్కగట్టారు. అక్కడి పత్తిని తినేది మన శనగపచ్చ పురుగు చుట్టమే. అదే దేశంలో తెల్లముక్కు బూజు రోగంతో గబ్బిలాలు చచ్చిపోయిన కౌంటీల్లో పురుగుమందుల వాడకం 31 శాతం పెరిగిందని, పసిబిడ్డల మరణాలు ఇంచుమించు 8 శాతం పెరిగాయని 2024లో సైన్స్ పత్రిక అచ్చువేసింది. మిరపను 2021-22లో ఊడ్చేసిన నల్ల తామరపురుగును గబ్బిలం ఆపేస్తుందని నేను చెప్పను. అది పువ్వులో దాక్కునే పురుగు, గబ్బిలం నోటికి అందదు. కానీ లద్దెపురుగు తల్లులు అందుతాయి, గులాబీ పురుగు తల్లులు అందుతాయి. గుంటూరు మిర్చి యార్డుకు ఏ రోజు ఎన్ని టిక్కీలు వచ్చాయో ఒక్కటి తేడా రాకుండా చెప్పగలిగిన మనకు, ఒక మండలంలో ఎన్ని గబ్బిలాలున్నాయో, ఏం తింటున్నాయో చెప్పగలిగిన మనిషి ఒక్కడు లేడు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిరైతులు పురుగుమందు తాగి పోయిన నేల ఇది. ఆ నేలమీద ఈ లెక్క అక్కర్లేదా?

2018లో కేరళలో నిపా వచ్చి 17 మంది పోయారు. 2020లో కరోనా వచ్చింది. రెండుసార్లూ మన ఊళ్లలో తిట్లు పడింది గబ్బిలానికే. గబ్బిలాల్లో వైరస్ ఉంటుంది, నిజమే. వాటి చెట్లు, తిండి పోయినప్పుడు ఆకలితో మన పెరళ్లలోకి వచ్చి ఎక్కువ వైరస్ విడుస్తాయన్నదీ నిజమే, ఆస్ట్రేలియాలో హెండ్రా వైరస్ మీద చేసిన పరిశోధన 2022లో తేల్చింది అదే. చెట్టు కొట్టి రోగాన్ని ఇంటికి పిలుచుకుంటున్నాం. బంగ్లాదేశ్‌లో ఈతకల్లు కుండ దగ్గర వెదురు తడిక కడితే గబ్బిలం మూతి పెట్టదని చూపించారు. అంత చవకైన జాగ్రత్త మన గీత కార్మికులకు ఎవరైనా చెప్పారా?

ఎండ సంగతి వేరే చెప్పాలా? 2015 మే నెల వడగాడ్పుల్లో రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు, ప్రకాశం జిల్లా తల్లడిల్లింది. చెట్టుకు తలకిందులుగా వేలాడే జీవికి ఆ ఎండ ఎలా ఉంటుందో! ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ చుట్టుపక్కల వానల అడవుల్లో బతికే కళ్లజోడు గబ్బిలాలు 2018 నవంబర్‌లో కొద్ది రోజుల ఎండకు 23,000 దాకా రాలిపోయాయి. ఆస్ట్రేలియాలో ఉన్న ఆ జాతిలో ఇంచుమించు మూడో వంతు. 2020 మేలో గోరఖ్‌పూర్ దగ్గర కుప్పగా పడిపోయిన గబ్బిలాలను బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షిస్తే రోగం కాదు, ఎండదెబ్బ అని తేలింది. అక్కడ పరీక్షించేవాళ్లయినా ఉన్నారు.

కోలారు జిల్లా హనుమనహళ్లిలో ఒక్క గుహలోనే మిగిలిన ఆకుముక్కు గబ్బిలం జాతి ఒకటి ఉంది. కొన్ని వందలకు మించవు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ వెతికి చెప్పారు గనుక, చుట్టూ గ్రానైట్ తవ్వుతున్నారని లోకానికి తెలిసింది. ఒక జాతి మొత్తం ఒకే కొండలో ఉండొచ్చని దీన్ని చూస్తే అర్థమవుతుంది. మన చీమకుర్తి రాయి దేశదేశాల్లో నేలకు పరుస్తున్నారు. ఆ చుట్టుపక్కల కొండ పగలగొట్టే ముందు చీలికల్లో టార్చి వేసి చూసిందెవరు?

సంతకం పెట్టే అధికారులారా, చెట్టుకు అనుమతి ఇచ్చే ముందు మనిషిని పంపండి. ఎండాకాలంలో, పిల్లలున్న రోజుల్లో అసలు ఇవ్వకండి. రైతు అన్నా, నీ గట్టు మీది తాటిచెట్టును బట్టీకి అమ్మేముందు పొద్దుగూకే వేళ దాని కింద ఒక పావుగంట నిలబడు. కమ్మల్లోంచి గబ్బిలాలు బయటికి వస్తే బేరం మానుకో.