సున్నుండల లెక్క – ఫైళ్ళ లెక్క

పిల్లలూ! అమ్మమ్మ డబ్బాలో 50 సున్నుండలు పెట్టి, ఆ లెక్క చీటీమీద వ్రాసి పంపిందనుకోండి. దారిలో ఎవరైనా రెండు తింటే, లెక్కపెట్టగానే తెలిసిపోతుంది. కంప్యూటరు ఫైళ్ళకు కూడా అలాంటి లెక్క ఒకటి ఉన్నది. దాన్ని చెక్‌సమ్ అంటారు.

లినక్స్ కంప్యూటరులో టెర్మినల్ తెరిచి, ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ అనే ఆజ్ఞనూ, దాని పక్కన ఫైలు పేరునూ టైపుచేసి, ఎంటరు నొక్కండి. అంకెలూ, ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన 64 గుర్తుల వరస కనిపిస్తుంది. ఫైలు ఎంత పెద్దదైనా గుర్తులు 64 మాత్రమే! ఫైలులో ఒక్క అక్షరం మార్చి మళ్ళీ చూడండి. వరస పోల్చుకోలేనంతగా మారిపోతుంది! ఫైలు తయారుచేసినవారు ప్రకటించిన వరసా, మీకు వచ్చిన వరసా ఒకటే అయితే, ఫైలు చెక్కుచెదరకుండా చేరిందన్నమాట.

2016 ఫిబ్రవరి 20న కొందరు దొంగలు లినక్స్ మింట్ వెబ్‌సైటులో జొరబడి, అసలు ఫైలుకు బదులు దొంగఫైలు దిగేటట్టు చేశారు. మింట్ వారు అసలు ఫైళ్ళ చెక్‌సమ్‌లు ప్రకటించి, పోల్చి చూసుకోమన్నారు.

అయితే ఒక చిక్కు ఉన్నది. సున్నుండలు తిన్నవాడే చీటీ కూడా దిద్దితే? అందుకే లెక్క ఎప్పుడూ అమ్మమ్మనే అడగాలి!