నాలుగు వందల గొంతుల పెట్టె

కీబోర్డు కొనబోతే అట్టపెట్టె మీద ముందుగా కంటికి ఆనేవి అంకెలు: 400 రకాల వాయిద్యాల ధ్వనులు, 77 రిథమ్‌లు, ముందే నింపిపెట్టిన 60 పాటలు. గంగవరం నుంచో పుంగనూరు నుంచో బెంగళూరు బస్సెక్కి, ఆరేడేళ్ల బిడ్డకు మొదటి ‘కేసియో’ కొందామని వెళ్లినవాళ్లకు (ఏ కంపెనీది కొన్నా మనవాళ్ల నోట అది కేసియోనే) అంగడివాడు చదివి వినిపించేదీ ఆ అంకెలనే. ఒక బటన్ నొక్కితే పెట్టె తనంతట తానే పాట వాయించేస్తుంది, బిడ్డ నోరు తెరుచుకుని చూస్తుంది, బేరం కుదిరిపోతుంది. ఆ అంకెల్లో ఏ ఒక్కటీ ఆ బిడ్డ సంగీతానికి పనికొచ్చేది కాదన్నది నా వాదన. పనికొచ్చే సంగతులు రెండు మూడున్నాయి. అవి చిన్న అక్షరాల్లో ఒక మూలన ఉంటాయి, ఒక్కోసారి అసలే ఉండవు. మొదటి కీబోర్డును బిడ్డ గొంతుకు తోడుగా చూసి ఎంచుకోవాలి. బిడ్డ పాడకపోయినా, వాయించకపోయినా తానే మోగే యంత్రాన్ని తెస్తే కొన్నాళ్లకే అది అటకెక్కుతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. 2019లో కేసియో కంపెనీ సీటీ-ఎస్200, సీటీ-ఎస్300 అని రెండు మోడళ్లు తెచ్చింది. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటికీ 61 మెట్లే, 400 ధ్వనులే, 77 రిథమ్‌లే. రెండూ ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే నడిచేవే. పెట్టె మీది అంకెలు చూసి కొనేవాడికి తక్కువ ధరదే తెలివైన బేరంగా కనిపిస్తుంది. కానీ 300లో మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. 200లో ఎలా నొక్కినా ఒకటే మోత. యమహా కంపెనీ వాటిలోనూ ఇంతే, పీఎస్ఆర్-ఇ273కి ఈ గుణం లేదు, ఇ373కి ఉంది. దీన్నే ‘టచ్’ అంటారు. ఇందులో మంత్రమేమీ లేదు. ప్రతి మెట్టు కింద రబ్బరు బుడిపెలో ఒకటికి బదులు రెండు స్పర్శలుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంత సేపు పట్టిందో యంత్రం కొలుచుకుని, దాన్నిబట్టి శబ్దం పెంచుతుంది, తగ్గిస్తుంది. టచ్ లేని పెట్టె మీద ఏడాది వాయించిన బిడ్డ వేలికి, తాను ఎలా నొక్కినా తేడా ఏమీ రాదన్న సంగతి ఒంటబడుతుంది. భజనలో ఒక మాటను ఒత్తి పలకడం, చరణం చివర గొంతు తగ్గించడం అయిదేళ్ల పిల్లలకే వచ్చు. గొంతులో ఉన్న ఆ ఒడుపు వేళ్లలోకి దిగే దారి టచ్ ఒక్కటే. 400 ధ్వనుల్లో 390 తీసేసి, ఉన్న పదింటికి టచ్ ఇస్తే బిడ్డకు లాభమే.

మెట్ల వెడల్పు విషయంలో పెద్దలు పొరపడేది జాలితోనే. చిన్న చేతులకు చిన్న మెట్లు మేలు కదా అనుకుంటారు. మామూలు కీబోర్డులో ఒక స్థాయి, అంటే ఏడు తెల్ల మెట్లు, సుమారు 16.5 సెంటీమీటర్లు. ఆ దూరం ఆరేళ్ల చేతికి అందని మాట నిజం, కానీ ఆ వయసులో అంత దూరం చాచమని ఎవరూ అడగరు. అయిదు వేళ్లు అయిదు పక్కపక్క మెట్ల మీద నిలబడితే మొదటి ఏడాది గడిచిపోతుంది. బుల్లి మెట్ల మీద వేళ్లకు అలవాటైన దూరాలు మామూలు కీబోర్డు మీదకు వచ్చేసరికి పనికిరావు, అంతా మళ్లీ మొదటికి వస్తుంది. మెట్లు ఎన్నుండాలన్నది ఇంతకంటే తేలిక ప్రశ్న. మన కీర్తనలు చాలావరకు మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా, రెండు స్థాయిల్లో తిరుగుతాయి. 37 మెట్లంటే మూడు స్థాయిలు, లెక్కకు అది చాలు. అయితే మామూలు వెడల్పు మెట్లు, టచ్ రెండూ ఉన్నవి బజారులో ఎక్కువగా 61 మెట్లవే దొరుకుతాయి కాబట్టి 61 కొనడం సబబు. నాలుగేళ్ల లోపు బిడ్డకైతే ఏ పెట్టే అక్కర్లేదు, పాట, చప్పట్లు చాలు.

ఇక శ్రుతి. సంగీతం మాస్టార్లు ఒకటి, ఒకటిన్నర, అయిదు, అయిదున్నర అని శ్రుతిని చెప్పే లెక్క హార్మోనియం మెట్ల నుంచి వచ్చిందే. తెల్ల మెట్లలో ‘సి’ ఒకటి, ‘డి’ రెండు, ‘జి’ అయిదు. మధ్యలో నల్లవి అరలు. సాధారణంగా మగవాళ్ల గొంతు ఒకటి దగ్గర, ఆడవాళ్ల గొంతు, చిన్నపిల్లల గొంతు నాలుగు, అయిదు దగ్గర సుఖంగా ఉంటాయి. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీవరుసలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. ఒకటో శ్రుతిలో ఆ రాగం మెట్లను గుర్తుపెట్టుకోవడం సులువు: రిషభం, ధైవతం నల్లవి, మిగతావన్నీ తెల్లవి. అదే రాగాన్ని అయిదో శ్రుతికి మారిస్తే నిషాదం కూడా నల్ల మెట్టు మీదకు పోతుంది, వేళ్ల వరస మారిపోతుంది. ‘ట్రాన్స్‌పోజ్’ అనే బటన్ ఉంటే బిడ్డ ఒకటో శ్రుతి మెట్లనే నొక్కుతుంది, కీబోర్డు అయిదో శ్రుతిలో పలుకుతుంది. ఆ బటన్ లేకపోతే బిడ్డ పెట్టె శ్రుతికి గొంతు దించుకుని గొణుగుతుంది, లేకపోతే పాడటమే మానేసి నొక్కుతూ కూచుంటుంది. ఈ రెండో ప్రమాదమే ఎక్కువ. అంగట్లో ఒక్క నిమిషం ఆగి బిడ్డ చేత పాడించి, ఆ బటన్‌తో శ్రుతి కలిపి చూపించమని అంగడివాణ్ని అడగండి. చూపించలేని అంగడివాడి దగ్గర బేరం అక్కర్లేదు.

అంగట్లో ఏ పాట పాడించాలన్న దానికి మన పక్కూరు మదనపల్లె ఒక మంచి పాటనే ఇచ్చింది. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ టాగోర్ అనీ బిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు, అంటే ఇప్పటి బీటీ కాలేజీకి, వచ్చి కొన్నాళ్లున్నాడు. జనగణమనను ఆయన స్వయంగా ఇంగ్లీషులోకి తెచ్చుకున్నది అక్కడే, ఫిబ్రవరి 28న. అప్పటి ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి, పియానో విద్వాంసురాలు. టాగోర్ పాడిన పాటకు ఆమె స్వరలిపి రాసింది. ముందు గొంతు, తర్వాత స్వరం, ఆ తర్వాతే కాగితం. బిడ్డ కీబోర్డు నేర్చుకోవాల్సిన క్రమమూ ఇదే. పైగా జనగణమన బడిలో రోజూ ప్రార్థనకు పాడేది, నోటికి వచ్చేసినదే. మంద్ర నిషాదం నుంచి తార షడ్జం దాకా, ఒక స్థాయికి కొంచెం మించి తిరుగుతుంది. దాదాపు అంతా తెల్ల మెట్ల మీదే దొరుకుతుంది. ముందు రెండు పాదాల స్వరాలను ఎవరూ చెప్పకుండా, తడుముకుంటూ వెతుక్కోమని వదిలేయండి. తప్పు మెట్టు పడగానే ముఖం చిట్లించే బిడ్డకు చెవి ఉన్నట్టే. తెర మీద వెలిగే మెట్టును వెతికి నొక్కే ‘లెసన్’ బటన్లు ఈ వెతుకులాటను బిడ్డ చేతిలోంచి లాగేసుకుంటాయి, అందుకే నాకు అవి గిట్టవు.

చిక్కు ఏమిటంటే, ఆ టాగోర్‌కే మెట్ల వాయిద్యమైన హార్మోనియమంటే పడదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ నిషేధానికి టాగోర్ అభిప్రాయం, అంతకుముందు ఢిల్లీ రేడియోలో పనిచేసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఆంగ్ల సంగీతకారుడి వాదన రెండూ బలమిచ్చాయి. ఈ రోజు శాస్త్రీయ సంగీతం నేర్పే గురువు కీబోర్డును చూసి ముఖం తిప్పుకుంటే దాని వెనక ఉన్నది అదే వాదన, అది కొట్టిపారేయదగ్గది కాదు. కీబోర్డు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది. తంబురలో షడ్జం తీగ మోగుతుంటే తనంతట తాను వినిపించే స్వయంభూ గాంధారం ఉంది చూడండి, కీబోర్డు గాంధారం దానికంటే కొంచెం పైన ఉంటుంది. అర స్వరాన్ని వంద పాళ్లు చేస్తే ఆ తేడా 14 పాళ్లు. పంచమంలో తేడా రెండు పాళ్లే కాబట్టి ఎవరికీ తెలియదు. గాంధారంలో మాత్రం తేరిన చెవికి తెలుస్తుంది. ఇక గమకం సంగతి సరేసరి. మెట్టు నొక్కితే స్వరం నిలబడుతుంది, ఊగదు.

దీనికి జవాబుగా వయొలిన్‌ను చూపించడం పరిపాటి. రెండొందల ఏళ్ల కిందట పరాయిది, ఇప్పుడు అది లేని కచేరీ లేదు అంటారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను కూడా చూపిస్తారు. ఈ జవాబు సగమే నిజం. వయొలిన్ మీద వేలు తీగ వెంట జారుతుంది. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేయించుకున్నాడు, గమకం పలికించడానికి వాయిద్యాన్నే మార్చుకున్నాడు. మెట్లకు ఆ వెసులుబాటు లేదు. చెన్నై విద్వాంసుడు కె. సత్యనారాయణన్ ఎడమచేత్తో, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ కర్ణాటక కచేరీలు చేస్తాడు. ఇందాక చెప్పిన సీటీ-ఎస్300కీ ఆ చక్రం ఉంది. అయినా అది ఆరేళ్ల బిడ్డ చేతికి లొంగే విద్య కాదు. నా జవాబు వేరు. మొదటి ఏడాది పాఠాలు గమకం లేని పొడి స్వరాలు. అప్పుడు బిడ్డకు కావలసింది షడ్జం తప్పకుండా నిలబడటం, ఏ స్వరం తర్వాత ఏది అన్న ఎరుక. ఈ రెండూ కీబోర్డు ఇవ్వగలదు. మన వైపు ధర్మరాజు గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి నాటకం హార్మోనియం తోడుతోనే నడుస్తాయి. ఆ పెట్టె మోగుతుండగానే రాగం ఎత్తి, అది ఇవ్వని గమకాలన్నీ గొంతుతో పలికిన నటులు తరాలుగా ఉన్నారు. పెట్టె వాళ్ల గొంతు పాడుచేయలేదు, ఎందుకంటే పాట వాళ్ల దగ్గర ఉంది, శ్రుతి మాత్రమే పెట్టె దగ్గర ఉంది. ఇంట్లోనూ అదే పద్ధతి పెడితే గురువుగారి అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది. ఒకసారి కీబోర్డుతో పాడించడం, మరోసారి దాన్ని కట్టేసి శ్రుతిపెట్టెతోనో తంబుర ధ్వనితోనో పాడించడం.

రిథమ్ బటన్‌కు మాత్రం నేను ఏ మినహాయింపూ ఇవ్వను. పుంగనూరులో పుట్టి, విద్వాంసుడు నాయనా పిళ్లై దగ్గర శిష్యరికం చేసిన గాయకుడు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై పేరు చెబితే సంగీతం తెలిసినవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆయన లయజ్ఞానం. ఆ విద్య తొడ మీద వేసే తాళంతో మొదలవుతుంది. 77 రిథమ్‌లు మోగే పెట్టె ముందు బిడ్డ చేయికి పని లేదు.

డబ్బు మాట ఇంతసేపూ పక్కన పెట్టాను. బిడ్డకు మోజు ఉంటుందో లేదో, ముందు బొమ్మ కీబోర్డు కొని చూద్దామంటారు చాలామంది. కానీ నొక్కినదానికి సరిగ్గా పలకని బొమ్మ మీద మోజు పోతే అది బిడ్డ తప్పో బొమ్మ తప్పో ఎలా తేలుతుంది? అదే డబ్బుకు బెంగళూరులో, ఒక్కోసారి చిత్తూరులోనే, వాడిన 61 మెట్ల టచ్ కీబోర్డు దొరుకుతుంది. పాతది చూసేటప్పుడు ఎడమ కొస నుంచి కుడి కొసకు ప్రతి మెట్టునూ ఒకే బలంతో నొక్కండి. ఒకటి గట్టిగా, దాని పక్కది పీలగా పలికితే లోపల రబ్బరు అరిగినట్టు, లేదా దుమ్ము చేరినట్టు. మన ఎండకు, దుమ్ముకు మీద గుడ్డ కప్పడం మరిచిపోకూడదు. బ్యాటరీ అర మూత తీసి తుప్పు చూడండి. అడాప్టర్ దానిదేనా అని అడగండి, సీటీ-ఎస్300కు 9.5 వోల్టులు, యమహా పీఎస్ఆర్-ఇ వరసకు 12 వోల్టులు కావాలి, ఏది పడితే అది గుచ్చితే పెట్టె కాలిపోవచ్చు. ఫోన్‌లో ఉచితంగా వచ్చే పియానో ఆప్ ఉండగా ఇదంతా ఎందుకనేవాళ్లకు ఒకటే మాట: అద్దం మీద వేలికి మెట్టు అంచు తగలదు, కాబట్టి కళ్లు ఎత్తి పాడుతూ వాయించడం ఎన్నటికీ రాదు.

మండలంలో నేర్పేవాళ్లు లేరు కదా అన్నది గట్టి ప్రశ్నే. చర్చిలోనో భజనమందిరంలోనో కీబోర్డు వాయించే మనిషి ఒకరుంటే అదృష్టం. లేకపోయినా మొదటి ఏడాదికి అవ్వ పాడే భజన చాలు. అవ్వ పాడుతుంటే బిడ్డ ఆమె షడ్జాన్ని మెట్ల మీద వెతుక్కుంటుంది. పియానోనే నేర్పించి ట్రినిటీ సంగీత పరీక్షలు రాయించాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు 88 బరువైన మెట్ల డిజిటల్ పియానో ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. దాని బరువు, ఖర్చు చూస్తే బిడ్డకు తొమ్మిది పదేళ్లు వచ్చేదాకా ఆగడం మంచిది. అప్పుడు ఈ 61 మెట్ల కీబోర్డును అమ్ముకోవచ్చు. టచ్ ఉన్నదానికి పాతదైనా కొనేవాళ్లుంటారు, బుల్లి మెట్ల దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లుండరు.