సంతకం ఒక్కటే చాలదు

దేహదానం మాట ఎత్తితే చాలు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు. "సచ్చిపోనాక కూడా కోతలేటే అమ్మా!" అంటారు శ్రీకాకుళం వేపు ముసలమ్మలు. ఆ మాట కొట్టిపారేయదగిందేమీ కాదు. కాన్పులనీ, ఆపరేషన్లనీ బతికినన్నాళ్ళూ ఆడదాని ఒంటికి కోతలు తప్పవు మరి! అయినా ఈ సంగతి మనం మాట్లాడుకోవాల్సిన రోజులొచ్చాయి.

ఒకప్పుడు డాక్టరు చదవాలంటే మన పిల్లలు విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ వైపే చూసేవారు. 2002లో నెల్లిమర్లలో మహారాజా వైద్య సంస్థ వచ్చింది. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ మొదలైంది. తర్వాత రాగోలులో జెమ్స్, 2023లో విజయనగరంలో ప్రభుత్వ కళాశాల వచ్చాయి. ఈ చివరి దానిలోనే ఏడాదికి 150 సీట్లు. సంతోషమే! కానీ ఈ పిల్లలందరూ మొదటి ఏడాది శరీర నిర్మాణం నేర్చుకోవాల్సింది మనిషి దేహం మీదే. అందుకే 2019 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఆ దేహాన్ని తొలి గురువుగా భావించాలని పిల్లలకు చెబుతున్నారు.

మరి ఆ గురువు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు? చాలాకాలం పాటు ఆస్పత్రుల్లోనో, రోడ్ల పక్కనో పోయి, అయినవాళ్ళెవరూ రాని అనాథల నుంచే. వాళ్ళని ఎవరూ అడగలేదు, వాళ్ళు ఒప్పుకున్నదీ లేదు. మన జ్వరాలకీ, పురుళ్ళకీ మందిచ్చిన డాక్టర్లలో ఎందరో చదువు నేర్చింది ఆ దిక్కులేని వాళ్ళ దగ్గరే. మనం మాత్రం "అమ్మో, మా ఇంట్లోనా?" అంటున్నాం!

ఆడవాళ్ళ దేహాలు కావాలనడానికి ఇంకో కారణం ఉంది. గర్భసంచికి రక్తం తీసుకెళ్ళే నాళం కిందుగా, దాదాపు ఆనుకున్నట్టే మూత్రనాళం వెళుతుంది. గర్భసంచి తీసే ఆపరేషన్లో ఏమరుపాటుగా ఉంటే దెబ్బ తినేది అదే. పుస్తకంలో బొమ్మ చక్కగా ఎర్రగా, పచ్చగా ఉంటుంది. అసలు ఒంట్లో రంగులుండవు, ఒకరికున్నట్టు ఇంకొకరికి ఉండదు. వేలితో తడిమి తెలుసుకోవాల్సిందే. మగవాడి దేహం ఈ పాఠం చెప్పలేదు కదా!

కంప్యూటర్లూ, మూలకణాలూ వచ్చాక ఇంకా శవాలెందుకని అడిగేవాళ్ళున్నారు. మూలకణాలంటే ఒంట్లో రకరకాల కణాలుగా మారగల తల్లికణాలు. కొన్ని రక్తపు జబ్బులకు వాటితో చికిత్స ఎన్నో ఏళ్ళుగా ఉంది. అయితే ఆ మూలకణాల పేరుతో జరిగే వ్యాపారం వేరు. వేలకు వేలు పుచ్చుకుని పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెడతామంటారు. భవిష్యత్తులో ఆ బిడ్డకే పనికొస్తుందని ముందుజాగ్రత్తగా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల్లో సమర్థించలేదు. విచిత్రం చూడండి, డబ్బు తీసుకుని దాస్తామనే వాళ్ళ కరపత్రం కడుపుతో ఉన్న పిల్ల చేతికి ఇట్టే అందుతుంది. పైసా అడగని దేహదానం గురించి చెప్పడానికి గుమ్మంలోకి ఎవరొస్తారు?

సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో పోయినప్పుడు దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చిన సంగతి పేపర్లలో చదివాం. అంతకు మూడేళ్ళ ముందే, 2021లో, ఆయన తల్లి కల్పకం గారి దేహం కూడా అక్కడికే వెళ్ళింది. కొడుకు కంటే తల్లే ముందు!

ఇవ్వాలనుకునే వాళ్ళు దగ్గర్లోని వైద్య కళాశాల అనాటమీ విభాగంలో అడిగితే పత్రం ఇస్తారు. సాక్షుల సంతకాలుండాలి. అంతటితో పని అయిపోదు. మనం పోయాక కొడుకో, కూతురో, భర్తో వద్దంటే కాలేజీ వాళ్ళు తీసుకోరు. పోస్టుమార్టం అయినా, కొన్ని అంటువ్యాధులున్నా కూడా తీసుకోరు. కబురు గంటల్లోనే అందాలి. కళ్ళు కూడా ఇవ్వాలనుకుంటే ఆరు గంటల లోపే తీయాలి. అందుకని ఆ పత్రం బీరువాలో చీరల మడతల కింద దాచకండి. నకలు తీయించి కొడుక్కొకటి, కోడలికొకటి ఇవ్వండి. కాలేజీ ఫోన్ నంబరు గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఒక్కసారి పైకే చెప్పండి.