దేహాన్ని ముక్కలుగా చూడవద్దు

ఎండాకాలం వచ్చిందంటే గార్లదిన్నె మండలం ఊళ్ల నుంచి మా ఓపీకి వచ్చేవారు చెప్పే బాధలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరికి తలనొప్పి, ఒకరికి పిక్కలు పట్టేయడం, ఒకరికి కళ్లు తిరగడం, మరొకరికి మూత్రం మంట. కొందరికి ఈ నాలుగూ ఉంటాయి. తలకు ఒక మాత్ర, కాళ్లకు ఒక సూది, నీరసానికి ఒక గ్లూకోజ్ బాటిల్ కావాలని అడుగుతారు. మా అభిప్రాయం ఏమంటే, చాలాసార్లు ఇవి నాలుగు జబ్బులు కావు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిన సంగతిని నాలుగు అవయవాలు నాలుగు రకాలుగా చెబుతున్నాయి. దాన్ని గమనించకుండా ముక్కలు ముక్కలుగా వైద్యం చేసుకుంటే నష్టపోయేది కిడ్నీలు.

మనది వానలు తక్కువ పడే సీమ. పెన్నా మీద కట్టిన పెనకచెర్ల డ్యాము మన మండలంలోనే ఉన్నా, మెట్టలో చెనిక్కాయ వేసే రైతుకు వానే ఆధారం. పంట పోయిన ఏడు కూలి పనే దిక్కు. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మనకు దగ్గరలోని నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైందంటే, ఇక్కడ కూలి అవసరం ఎంతో అర్థమవుతుంది. ఏప్రిల్, మే ఎండలో మట్టి తవ్వేవారి ఒంట్లో, చీనీ తోటల్లో పాదులు తీసేవారి ఒంట్లో ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం.

ఒళ్లు వేడెక్కగానే మెదడు చర్మానికి చెమట పట్టించమని ఆజ్ఞ ఇస్తుంది. ఎండలో బరువు పని చేసేవారికి గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి చెమట పోవచ్చు. ఆ నీరంతా రక్తం నుంచి వచ్చిందే. రక్తం తగ్గితే గుండె వేగంగా కొట్టుకోవాలి. ఎందుకంటే పని చేసే కండరాలకూ రక్తం కావాలి, చల్లబడటానికి చర్మానికీ కావాలి. అంతలో రక్తం చిక్కబడిందని మెదడు కనిపెట్టి దాహం పుట్టిస్తుంది. పిట్యూటరీ గ్రంథి నుంచి ఒక హార్మోను విడుదలై, నీటిని బయటికి వదలవద్దని కిడ్నీలకు చెబుతుంది. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉప్పును నిలపమని మరో హార్మోను పంపుతాయి. అందుకే మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగులో మంటగా వస్తుంది. చర్మం, గుండె, మెదడు, గ్రంథులు, కిడ్నీలు అన్నీ ఒకే పని మీద ఉన్నాయన్న మాట.

మామూలు రోజుల్లో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపితే, అందులో అయిదో వంతు కిడ్నీలకే పోతుంది. అవి రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా పంపి, మిగిలింది తిరిగి రక్తంలో కలుపుతాయి. నీరు తగ్గినప్పుడు కిడ్నీలు ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థంతో తమ రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు అడ్డుకునేది సరిగ్గా ఆ పదార్థాన్నే. నొప్పి తగ్గుతుంది, కిడ్నీకి రక్తమూ తగ్గుతుంది. బి.పి., షుగరు ఉన్నవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సాయంత్రం అంగట్లో రెండు మాత్రలు కొని మింగి మళ్లీ పొద్దున్నే పనికి పోయే అలవాటు మానాలని మేము గట్టిగా చెబుతున్నది ఇందుకే.

“నీళ్లు తాగమంటారు, బాగానే ఉంది, మరి ఒంటికి ఎక్కడికి పోవాలమ్మా?” అని ఆడవాళ్లు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. పని చోట మరుగు లేక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే తల్లులు ఎందరో. వారికి మాత్రలు రాసిస్తే చాలదు. నీళ్ల కుండ, కాస్త నీడ, నాలుగు తడికెలతో మరుగు ఏర్పాటు చేయడం మేటులు, తోటల యజమానుల బాధ్యత. మా దృష్టిలో అది కూడా వైద్యమే.

గ్లూకోజ్ బాటిల్ గురించి ఒక మాట. అర లీటరు సెలైన్ బాటిల్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. నోటితో తాగగలిగినవారికి ఓ.ఆర్.ఎస్. చాలు. చక్కెర తోడుంటే పేగు ఉప్పును త్వరగా పీలుస్తుంది, ఉప్పు వెంట నీరు వస్తుంది. 1971లో బంగావ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రవంతోనే ఎందరో కలరా రోగులను కాపాడారు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కలపండి. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి కూడా మంచివే. గుండె, కిడ్నీ జబ్బులు, షుగరు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉంటే అది వడదెబ్బ. జ్వరం మాత్ర దానికి పని చేయదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

వార్డులో ప్రతి మంచం దగ్గరా మేము ఒక చార్టు రాస్తాము. జ్వరం, నాడి, ఊపిరి, బి.పి., తాగిన నీళ్లు, పోసిన మూత్రం అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. దేహం అంతా ఒక్కటే అని తెలిసేది అక్కడే. కాబట్టి మీరు నొప్పి మాత్ర అడిగినప్పుడు, పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు తాగారు, ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారు, ఏ రంగులో వచ్చింది అని మా నర్సులు అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పవలసినదిగా మనవి.