దారి హక్కు వేరు, బండి హక్కు వేరు

2014 మే 10న అమెరికాలోని యూటా రాష్ట్రంలో సుమారు యాభై మంది ఏటీవీలు నడుపుకుంటూ రీక్యాప్చర్ కాన్యన్ అనే లోయలోకి దిగారు. ఏటీవీ అంటే నాలుగు లావు టైర్లతో ఇసుకలో, రాళ్లలో, బురదలో ఎక్కడైనా పోయే బండి. ఈ ప్రదర్శనకు నాయకత్వం వహించింది శాన్ వాన్ కౌంటీ కమిషనర్ ఫిల్ లైమన్. లోయలో కొంత భాగంలోకి మోటారు వాహనాలు రాకూడదని కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ 2007లో ఆంక్ష పెట్టింది. దాన్ని ధిక్కరించడమే ఆ రోజు ఉద్దేశం. తాము చేస్తున్నది శాసనోల్లంఘన అని వాళ్లు చెప్పుకున్నారు.

దారి కోసం శాసనోల్లంఘన అనే మాట వింటే మనకు గుర్తొచ్చేవి వైకోం, మహద్. 1924లో వైకోం గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం, 1927లో మహద్ చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం పోరాటాలు జరిగాయి. అక్కడ కొందరు మనుషులకే ప్రవేశం లేదు. రీక్యాప్చర్‌లో అలా కాదు. నడిచి వెళ్లేవారినీ, గుర్రం మీద వెళ్లేవారినీ ఎవరూ ఆపలేదు. ఆగింది ఇంజిన్ ఒక్కటే. మనిషికి దారి మూయడాన్నీ, బండికి దారి మూయడాన్నీ ఒకే గాటన కట్టడంలోనే ఆ ప్రదర్శనలోని మోసం ఉంది.

ఆంక్ష ఊరికే రాలేదు. హోపి, జూని వంటి ప్యూబ్లో ప్రజల పూర్వీకులు వందల ఏళ్ల క్రితం ఆ లోయలో ఇళ్లు కట్టుకుని బతికారు. వాళ్ల ఆనవాళ్లు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అనుమతి లేకుండా వేసిన ఏటీవీ బాట వల్ల అవి దెబ్బతిన్నాకే లోయను వాహనాలకు మూసేశారు.

దెబ్బతినేది రాళ్ల గోడలే కాదు. అక్కడి ఎడారి నేల చూడ్డానికి వట్టి మట్టిలా ఉంటుంది కానీ పైపొరకు ప్రాణముంది. సైనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి మట్టిని పెచ్చులా పట్టి ఉంచుతాయి. గాలికీ వానకూ నేల కోసుకుపోకుండా కాపాడేది, గాలిలోని నత్రజనిని మట్టికి అందించేది ఆ పెచ్చే. టైరు ఎక్కితే అది క్షణంలో నుజ్జవుతుంది. మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా ఒకరి టైరు జాడ చూసి ఇంకొకరు వస్తారు. జాడ కాస్తా బాటవుతుంది.

అందుకే 'బాధ్యతగా నడపండి' అనే ప్రచారాన్ని అమెరికా అటవీ శాఖ 1985లోనే మొదలుపెట్టింది. గుర్తించిన బాట దాటొద్దు. బురద కనిపిస్తే పక్కకు తిప్పి బాటను వెడల్పు చేయొద్దు. వాగును అనుమతించిన చోటే, అడ్డంగా దాటాలి. టైర్లకు అంటిన కలుపు విత్తనాలు కొత్త చోట పడకుండా బండి కడుక్కోవాలి. ఇవన్నీ పాటించాల్సినవే. కానీ ఈ సూత్రాలు బాట ఏర్పడ్డాక మొదలవుతాయి. బాట ఎక్కడ వేయాలో, అసలు వేయాలో వద్దో తేల్చింది ఎవరన్న ప్రశ్న వీటిలో లేదు.

శాన్ వాన్ కౌంటీలో ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండేది? జనాభాలో దాదాపు సగం మంది మూలవాసులు, ఎక్కువగా నవాహోలు. అయినా ముగ్గురు సభ్యుల కమిషన్‌లో తెల్లవారిదే మెజారిటీ. నియోజకవర్గాలను జాతి ప్రాతిపదికన గీశారని ఫెడరల్ కోర్టు 2016లో తేల్చింది. హద్దులు మార్చాక, 2018 ఎన్నికల్లో తొలిసారి నవాహోలకు మెజారిటీ దక్కింది. అంతవరకు బేర్స్ ఇయర్స్ జాతీయ స్మారక ప్రాంతాన్ని వ్యతిరేకించిన కౌంటీ, 2019లో దానికి మద్దతుగా తీర్మానం చేసింది. ప్రాతినిధ్యం మారితే నేల గురించిన నిర్ణయమూ మారుతుంది.

లైమన్‌ను 2015లో కోర్టు దోషిగా తేల్చింది. పది రోజుల జైలు, మూడేళ్ల ప్రొబేషన్, మరో దోషితో కలిపి సుమారు 96 వేల డాలర్ల పరిహారం విధించింది. 2018లో ఆయన రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2020 డిసెంబర్‌లో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. చట్టం ఉల్లంఘించడం ఆయన రాజకీయ జీవితానికి అడ్డు కాలేదు.

ఇది పాత కథ కాదు. రీక్యాప్చర్ ఉన్న కౌంటీలోనే ఉన్న బేర్స్ ఇయర్స్‌ను అయిదు మూలవాసీ జాతుల కోరిక మీద ఒబామా 2016లో స్మారక ప్రాంతంగా ప్రకటించారు. 2017లో ట్రంప్ దాన్ని 85 శాతం కుదించారు. 2021లో బైడెన్ పునరుద్ధరించారు. ఇలాంటి ప్రకటనలను అధ్యక్షుడు పూర్తిగా రద్దు చేయవచ్చని 2025లో అమెరికా న్యాయ శాఖ అభిప్రాయం చెప్పింది. ఎక్కడ బండ్లు తిరగాలన్న తగవు మళ్లీ మొదటికొచ్చింది.

మన దగ్గరా రిసార్టుల్లో, సముద్ర తీరాల్లో ఏటీవీ సవారీ ఒక వ్యాపారం. ఆంధ్రా తీరంలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెడతాయి. టైర్ల కింద ఇసుక గట్టిపడితే గుడ్లకు ముప్పు, టైరు గాడిలో పడిన పిల్ల సముద్రం చేరలేదు. అడవిలో మేకలు మేపితే, కట్టెలు కొడితే కేసు పెట్టడానికి మనకు చట్టాలున్నాయి. ఆ చురుకు సరదా సవారీల మీదా ఉందా అని అడగాలి.

అడగడానికి ఆధారమూ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆదివాసులకే కాదు, మూడు తరాలుగా అడవి మీద బతుకుతున్నట్టు రుజువు చేసుకున్న దళితులకూ ఆ చట్టం వర్తిస్తుంది. అడవి అంచున ఏటీవీ బాట వేసే ముందు చూడాల్సింది రిసార్టు లైసెన్సు ఒక్కటే కాదు. గ్రామసభ తీర్మానం ఉందా? అందులో గొర్రెలు కాచేవాళ్ల, కట్టెలు ఏరేవాళ్ల సంతకాలు ఉన్నాయా? బాధ్యత అక్కడ మొదలవ్వాలి. హెల్మెట్ పెట్టుకోవడం తర్వాత.