ప్రజల పనులు – గుత్తదారులు

ఊరి చెరువునకు కట్ట పోయుటయైనను, బడికి గది కట్టుటయైనను, బాటకు కంకర పరచుటయైనను ప్రజల సొమ్ముతో జరుగు పని ప్రజలదే. ఆ పనిని ఎవనికి, ఏ ధరకు, ఏ షరతులపై నప్పగించుచున్నారో తెలిసికొను హక్కు పన్ను కట్టు ప్రతివానికిని కలదు. శక్తి గలవాడెవ్వడైనను ముందుకు వచ్చి తన ధర చెప్పుకొను హక్కును కలదు. ఈ రెంటిలో నొకటి లోపించిన రెండవది నిలువజాలదు. టెండరను పరభాషాపదమున కర్థ మింతియే.

ఈ హక్కు కాగితముపై నుండి, ఆచరణలో లేని కాలము మన పెద్దలెరుగుదురు. ఇంజనీరు కచ్చేరీలో టెండరు పెట్టె యుండెడిది. ఆ పెట్టెకు దారిలో బలవంతుల కావలి యుండెడిది. ఎవని కవరు పెట్టెలో పడవలెనో, ఎవనిది పడరాదో వాకిటనే తేలిపోయెడిది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ-ప్రొక్యూర్‌మెంటు పద్ధతిని ప్రవేశపెట్టి ఆ కావలివాండ్రకు పని లేకుండ జేసినది. ఇది మేలైన సంస్కారమని మేము నిస్సంశయముగా నొప్పుకొనుచున్నాము. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పోర్టళ్లలోను, కేంద్రప్రభుత్వపు పోర్టలులోను టెండరు ప్రకటనలను ఎవరైనను రుసుము లేక చూడవచ్చును. అంచనా విలువ యెంత, ఏ తరగతి గుత్తదారు లర్హులు, ధరావతు ఎంత, గడువు ఏనాటితో ముగియును అను సంగతు లన్నియు నందుండును. శాఖలో తరగతి ప్రకారము పేరు నమోదు చేసికొని, డిజిటల్ సంతకము పొందినవాడు ఇంట గూర్చుండియే టెండరు వేయవచ్చును.

పెట్టె తెరువబడినది, నిజమే. ఐనను, నిజాయితీ గల క్రొత్తవానికి తలుపు తెరువబడినదా యని మా ప్రశ్న.

ఈ పంక్తులు వ్రాయువాడు న్యాయవాది. కొంతకాలము క్రిందట ఒక యువకుడు కాగితముల సంచితో మాయొద్దకు వచ్చెను. సివిల్ ఇంజనీరింగు చదివి, ఒక పెద్ద గుత్తదారునియొద్ద ఐదేండ్లు పనిచేసి, తరువాత స్వయముగా క్రింది తరగతిలో నమోదైనవాడు. పొరుగూరి సిమెంటురోడ్డు, మురుగుకాల్వ పనికి ప్రకటన చూచి 27 శాతము లెస్‌కు టెండరు వేసెను. "తొలిపని దక్కిన చాలునను కొంటిని, అయ్యా" అని యతడే చెప్పెను. పని దక్కినది. అంచనాలో జూపిన క్వారీలో రాయి లేదు. దూరపు క్వారీనుండి తోలించుకొనవలసి వచ్చినది. తల్లి పేరనున్న యెకరము తాకట్టుపడినది. పని ముగిసి, ఎం.బుక్కులో కొలతలెక్కి రెండేండ్లు గడచినను బిల్లు రాలేదు. ఆలస్యమునకు వడ్డీ లేదను షరతుక్రింద నతని సంతకమే యున్నది. "పనిలో దోషమున్న చెప్పుడు, మరల కట్టెదను. లేదేని నా సొమ్మెప్పుడు వచ్చునో చెప్పుడు" అని యతడు అడిగిన ప్రశ్నకు మాయొద్ద సరియైన యుత్తరము లేకపోయెను.

ఇందు తప్పెవరిది? కొంత యతనిది. మన రాష్ట్రముల ప్రమాణ ధరలలో గుత్తదారుని లాభమునకును, పైఖర్చులకును గలిపి యుంచునది సుమారు 14 శాతము మాత్రమే. ఇక 27 శాతము తగ్గించినవాడు ఆ తగ్గింపును ఎక్కడనుండి తెచ్చును? కోటి రూపాయల అంచనాపై డెబ్బదిమూడు లక్షలకు పని జరుగునన్నచో, అంచనాయైన నబద్ధము కావలె, పనియైన నబద్ధము కావలె. అంచనా యబద్ధమైనచో దానిని వ్రాసిన యధికారిని అడుగవలెను. పని యబద్ధమైనచో సిమెంటులో, ఇనుములో, కూలిలో కోత పడుచున్నదన్నమాట. 2003 జూలైలో వెలువడిన ఉత్తర్వు ప్రకారము అంచనాపై 5 శాతమునకు మించి హెచ్చించిన టెండరు చెల్లదు. 25 శాతమునకు మించి తగ్గించినవాడు ఆ వ్యత్యాసమునకు అదనపు హామీ నీయవలెను. హామీ సర్కారు సొమ్మును కాపాడును గాని, కూలివాని కడుపును కాపాడదు. దేశమున నెన్నియో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల పేరు ఏ ఒప్పందపత్రమునను లేదు. ధర కోయబడినప్పుడెల్ల మొదట కోయబడునది వారి దినకూలియే.

కావున ఈ వృత్తిలో నడుగిడు యువకులకు మా మనవి యిది. టెండరు వేయకముందు పనిచోటు కాలినడకన చూడుడు. రాయి, ఇసుక ఎంతదూరమునుండి రావలెనో స్వయముగా లెక్కించుడు. సీనరేజీ, జి.ఎస్.టి., భవన నిర్మాణ కార్మికుల సంక్షేమమునకు పోవు సెస్సు, పని ముగిసిన తరువాత దోషములకు బాధ్యత వహించు కాలము, బిల్లు ఆలస్యమైన కట్టవలసిన వడ్డీ, ఇవన్నియు ధరలో కలుపుడు. కలిపిన పిదప పని దక్కకున్న దక్కకపోనిండు. నష్టమునకు దక్కిన పని గౌరవము కాదు, అప్పు.

తక్కిన తప్పు పెద్దలది. పోర్టలు వచ్చినంతమాత్రమున రింగు పోలేదు. కొందరు కూడబలుకుకొని, ఈ పని నీది, ఆ పని నాది యని పంచుకొని, తోడుగా ఉత్తుత్తి టెండర్లు వేయుట 2002 నాటి కాంపిటీషన్ చట్టము 3వ సెక్షను ప్రకారము నిషిద్ధము. దానికంటె సూక్ష్మమైన మోసము షరతులలో నుండును. ఫలానా దూరములోపల సొంత యంత్రముండవలెననియు, ఫలానా విధమైన పనిని ఇదివరకే ఇంత పరిమాణమున చేసియుండవలెననియు ఒక్కని కొలతకే చొక్కా కుట్టినట్లు షరతులు వ్రాయుదురు. అనుభవము కోరుట తప్పు కాదు. ఆనకట్టను అనుభవములేని చేతులలో పెట్టుమని మే మనము. ఐనను, షరతు పనికొరకా, మనిషికొరకా యని చూడవలెను.

ప్రభుత్వము తాను ప్రకటించిన ప్రమాణములకు తానే కట్టుబడవలెనని 1979లో అంతర్జాతీయ విమానాశ్రయాధికారసంస్థ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. న్యాయస్థానము నిర్ణయించిన పద్ధతిని పరీక్షించునే గాని, ఆ నిర్ణయముపై అప్పీలు వినదని 1994లో టాటా సెల్యులార్ వ్యాజ్యెమున స్పష్టముచేసినది. కాబట్టి షరతుపై నాక్షేపణ గలవాడు గడువు ముగియకముందే వ్రాతమూలకముగా తెలుపవలెను. మాట్లాడక టెండరు వేసి, ఓడిన పిదప కోర్టు మెట్లెక్కినవానికి ఫలము దొరకుట యరుదు.

ప్రభుత్వములు మారినప్పుడెల్ల పద్ధతులును మారుచున్నవి. ఆంధ్రప్రదేశమున 2019లో రివర్సు టెండర్లు వచ్చినవి. నూరు కోట్లు, అంతకు మించిన పనుల టెండర్లను న్యాయమూర్తి ముందుగా పరిశీలించు చట్టమును ఆ యేటనే వచ్చినది. 2024లో రెండును పోయినవి. వాని మంచిచెడ్డలు విజ్ఞులు చర్చింతురుగాక. చేసిన పనికి సొమ్ము గడువులోపల నిచ్చుట యను ధర్మమును మాత్రము ఏ పద్ధతియు స్థాపింపలేదు. నిర్వివాదమైన బిల్లులకై హైకోర్టు తలుపు తట్టిన చిన్న గుత్తదారు లెందరో కలరు. బిల్లు ఎప్పుడు వచ్చునో తెలియని చోట నిలువగలవాడు ధనవంతుడో, పలుకుబడి గలవాడో మాత్రమే. మూడవవానికి చోటు లేదు. పోటీ తగ్గినచోట ధర పెరుగును. ఆ పెరిగిన ధర చెల్లించువారు తిరిగి ప్రజలే.

మేము కోరునవి మూడు. పనికి నిధి కేటాయించి నిలిపిన పిదపనే టెండరు పిలువుడు. కొలతలు వ్రాసిన తేదీనుండి గడువులోపల సొమ్ము నిండు. గడువు దాటిన వడ్డీ నిండు. వచ్చిన బిల్లులను వరుస తప్పక చెల్లించి, ఆ వరుసను టెండరు ప్రకటనవలెనే పోర్టలులో అందరు చూచునట్లు పెట్టుడు.

ప్రజలకును ఒక్క మాట. మీ యూరి రోడ్డు అంచనా, ఒప్పందము, ఎం.బుక్కు 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము మీరు అడిగి చూడదగినవి. సిమెంటు పోయునాడు వెళ్లి నిలుచుండి చూడుడు. ప్రజలు చూచుచున్న పనిలో దొంగతన మంత సులభము కాదు. ఆ యువకుని యెకరము ఇంకను తాకట్టులోనే యున్నది. అతడు వేసిన రోడ్డుమీద ఊరివారు నడచుచున్నారు.